తలూపుడు చదువు

ఆ రోజుల్లో నాకు భయం వేయనిదంటూ సూరత్‌లో ఒక్కటీ లేదు. సేఠ్ అంటే భయం, సేఠ్ కళ్ళజోడంటే ఇంకా భయం (అది ముక్కు చివరికి జారిందంటే ఆ పూట ఎవరికో మూడిందని లెక్క), షేరింగ్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళంటే భయం, ఎవరైనా గుజరాతీలో రెండు వాక్యాలకు మించి మాట్లాడితే భయం. "ఆ రోజుల్లో" అన్నానని నన్నేదో ముసలమ్మను చేయకండి, పన్నెండు పదమూడేళ్ళ కిందటి మాట ఇది. అప్పటికి నాకు ఇరవై. చూసేవాళ్ళకు మాత్రం నేను మహా ధైర్యస్తురాలిలా కనిపించేదాన్ని. దానికి కారణం నా గొంతు. మా నాయిన కరీంనగర్ వైపు నుంచి వచ్చి సూరత్ గోడాదరాలో సాంచాలు నడిపినవాడు. సాంచా అంటే మరమగ్గం. అవి నలభై ఒకే షెడ్డులో ఆడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినిపించదు. అలాంటి ఇళ్ళలో పెరిగిన మాకు రెండు అలవాట్లు పుట్టుకతో వస్తాయి. ఒకటి, అరిచి మాట్లాడడం. రెండోది, ఎవరేమన్నా తలూపడం. మళ్ళీ అడిగినా మళ్ళీ వినిపించదు కదా, అడగడం దండగ. మా నాయిన ఇంట్లో కూడా అంతే. అమ్మ "కూరల ఉప్పు సరిపోయిందా?" అంటే తలూపేవాడు, "ఎక్కువైందా?" అన్నా అదే ఊపు ఊపేవాడు. ఆ తల నాకు వారసత్వంగా వచ్చింది.

కంప్యూటర్ మీద జకార్డు డిజైన్లు, అంటే బట్టలోనే నేసే బొమ్మలు, గీయడం నేర్చుకుని నేను ఒక సేఠ్ దగ్గర పనికి కుదిరాను. ఆయన్ని మేమందరం చాటుగా చష్మా సేఠ్ అనేవాళ్ళం. ఆఫీసు సూరత్ శివారులో ఉన్ అనే చోట, సాంచాల షెడ్డు ఇంకా దూరంగా జోల్వాలో. ఒకసారి గోడకు వేలాడదీసే బట్టలకని అరబ్బీ అక్షరాల అంచు ఒకటి బయ్యర్ పంపాడు. నేను దాన్ని తలకిందులుగా పెట్టి శాంపిల్ నేయించాను. నాకవి అక్షరాల్లా కనిపిస్తే కదా, ముచ్చటైన తీగల్లా కనిపించాయి, తీగకు తలేమిటి, తోకేమిటి అనుకున్నాను. బయ్యర్ ఫోన్లో ఏమన్నాడో తెలియదు కాని సేఠ్ కళ్ళజోడు ముక్కు చివరికి జారి అక్కడే ఆగిపోయింది. "జో బనాతీ హై, వో పఢ్‌నా తో సీఖ్!" అన్నాడు. గీసేదేదో కనీసం చదవడం నేర్చుకొమ్మని. రెండు నెలలు గడువు. నేర్చుకోకపోతే కండెలు చుట్టే మిషన్ ఒకటి ఖాళీగా ఉందన్నాడు. మా అమ్మ ఇరవై ఏళ్ళు ఆ మిషన్ మీదే కండెలు చుట్టింది. దారం కోసి కోసి ఆమె వేళ్ళ మీద గీతలు పడ్డాయి. నేను కంప్యూటర్ ముందు కూర్చున్న రోజు ఆమె వాడకట్టంతా తిరిగి చెప్పుకుంది. నేను తిరిగి ఆ మిషన్ దగ్గరికే పోతే ఆమె ముఖం ఎలా చూడాలన్నదే నా అసలు భయం.

ఆఫీసు వెనక గల్లీలో ఒక పెద్దామె ఆడపిల్లలకు అరబ్బీ అక్షరాలూ, ఖురాన్ పారాయణం నేర్పుతుందని ఎవరో చెప్పారు. భర్త పోయిన మనిషి, అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలుస్తారు. సంగతి అమ్మకు చెప్పాను. వద్దంటుందేమో అనుకుంటే ఆమె బెంగ వేరే ఉంది. "గురువు దగ్గరికి ఉత్త చేతులతోటి పోతరానే? కొబ్బరికాయ, తమలపాకులు పట్టుకపో. పోంగనే కాళ్ళు మొక్కు" అంది. వాళ్ళలో ఆ పద్ధతి ఉంటుందో లేదో అని నసిగితే, "ఏ మతమైతేంది, చదువు చెప్పేటామె గురువే గదా! జర గట్టిగ మొక్కు" అంది.

గట్టిగానే మొక్కాను. మొక్కబోయాను అనాలి. మొదటి రోజు కొబ్బరికాయ గడప పక్కన పెట్టి, నవారు మంచం అంచున కూర్చున్న ఆపా కాళ్ళ మీదికి వంగాను. ఆమె ఉలిక్కిపడి కాళ్ళు పక్కకు లాక్కుంది. సరిగా అందలేదేమో అనుకుని నేనూ పక్కకు జరిగాను. ఆమె కాళ్ళు మంచం మీదికి ఎత్తేసుకుంది. నేను మంచం మీదికి చేతులు చాచాను. గదిలో ఉన్న పది మంది ఆడపిల్లలు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆపా నా భుజం పట్టి లేపింది. "బేటీ, మేం మనుషుల ముందు వంగం. ఒక్కడి ముందే వంగుతాం. నువ్వు సలాం చెయ్యి, లేదా నమస్తే చెయ్యి, రెండూ నాకు చాలు" అంది. (ఆపా మాట్లాడేది హిందీ. నేనిక్కడ తెలుగులో చెబుతున్నాను కాని ఆ నెమ్మదిని తెలుగులోకి తేవడం నా వల్ల కాదు. చెవి పక్కన దూది రాలినట్టు ఉండేది ఆమె గొంతు.) కొబ్బరికాయను మాత్రం వంటింట్లోకి పంపింది. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావని అడిగింది. "నౌకరీ పోతది ఆపా!" అని వచ్చీరాని హిందీలో అరిచాను. వీధిలో పోతున్న కూరగాయల బండివాడు ఆగి లోపలికి తొంగిచూశాడు.

అక్షరాల కంటే ముందు ఆమె అదబ్ నేర్పింది. అదబ్ అంటే చదువు కోసం వచ్చినవాళ్ళ నడవడి. నోరూ చేతులూ కడుక్కుని తల మీద కొంగు వేసుకుని రావాలి. మోకాళ్ళ మీద కుదురుగా కూర్చోవాలి. పుస్తకాన్ని చెక్కపీట మీదే పెట్టాలి, నేల మీద పెట్టకూడదు. చెప్పేవాళ్ళ మాట పూర్తయ్యేదాకా మధ్యలో నోరు విప్పకూడదు, వాళ్ళ గొంతును మించి మన గొంతు లేవకూడదు. అన్నిటికంటే ముందు, ఈ చదువు ఎవరి మెప్పు కోసమూ కాదని మనసులో అనుకోవాలి. ఇవి ఆమె చెప్పినవి. భయం కొద్దీ నేను వీటికి ఇంకో రెండు సొంతంగా కలుపుకున్నాను. చెప్పింది మళ్ళీ చెప్పమని అడగకూడదు. అర్థం కాలేదని అనకూడదు. అవి ఆపా నోట వచ్చినవి కావు, అయినా వాటన్నిటికంటే ఈ రెండింటినే నేను నిష్ఠగా పాటించాను.

వెనకాల గుమ్మం పక్కన కూర్చునేదాన్ని. తలపైన పంకా గరగరమని తిరిగేది. ఆపా మాటల్లో సగం పంకాకు పోయేవి, మిగిలిన సగంలో నా హిందీకి అందనివి కొన్ని పోయేవి. ఆమె నా వైపు చూసి "సమ్‌ఝీ?" అనేది, అర్థమైందా అని. నా తల దానంతటదే ఊగేది. అక్షరాలు చూసి పట్టేసేదాన్ని, గీతలు గీసే చెయ్యి కదా నాది. నెల తిరిగేసరికి కూడబలుక్కుని చదవడం కూడా వచ్చింది, అర్థం తెలియకపోయినా. "అందరిలోకీ ఈ పిల్లకే అదబ్ ఎక్కువ, చూడండి ఎంత బుద్ధిగా వింటుందో" అని ఆపా ఒకరోజు మిగతా పిల్లలకు నన్ను చూపించింది. నాకు లోపల చెమటలు పట్టాయి. ఇంత పేరు వచ్చాక ఇక ఏం అడగగలను?

అప్పుడు ఆ బయ్యరే కొత్త ఆర్డరు ఇచ్చాడు. గోడకు వేలాడదీసే బట్టలు కొన్ని, జానమాజ్‌లు కొన్ని. జానమాజ్ అంటే నమాజు చేసేటప్పుడు కింద పరుచుకుని, మీద నిలబడి, మోకరిల్లే బట్ట. రెండూ చూడగానే ఒక జత అనిపించాలన్నాడు. నేను మహా తెలివిగా గోడబట్టకు ఇచ్చిన అక్షరాల అంచునే జానమాజ్‌కు కూడా నాలుగు వైపులా చుట్టేశాను. ఈసారి తలా తోకా సరిచూసుకుని కాగితం మీద తీయించి ఆపా దగ్గరికి పట్టుకుపోయాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. గోడబట్ట బొమ్మ మీద వేలు పెట్టి ఏదో చెప్పింది. జానమాజ్ బొమ్మ మీద వేలు పెట్టి ఇంకేదో చెప్పింది. గల్లీలో నీళ్ళ ట్యాంకర్ వచ్చింది, ఆడవాళ్ళు బిందెలతో పరుగెత్తుతున్నారు. నాకు వినిపించిందల్లా "ఠీక్ హై" అనీ, చివర్లో "సమ్‌ఝీ?" అనీ. తలూపాను. ఒకసారి కాదు, మూడుసార్లు. నడుమ ఏముందో అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది, కాని బుద్ధిగా వినే పిల్లనన్న పేరు గుర్తొచ్చి మింగేశాను. మర్నాడు ఫైలు జోల్వాకు పంపాను.

పది రోజుల తర్వాత, ఒక మధ్యాహ్నం. కొత్తగా చేరిన ఒక అమ్మాయి సంచీని కాళ్ళ దగ్గర పడేసి కూర్చుంది. సంచీలోంచి పుస్తకం అంచు బయటికి కనిపిస్తోంది. ఎప్పుడూ గబుక్కున కదలని ఆపా ఒక్క అంగలో వచ్చి ఆ సంచీ అందుకుంది. పుస్తకం తీసి కళ్ళకద్దుకుని ముద్దు పెట్టుకుని పై అరలో పెట్టింది. ఆ అమ్మాయిని తిట్టలేదు. "పైవాడి పేరు రాసి ఉన్నది ఏదైనా సరే, కాళ్ళ దగ్గర ఉండకూడదు బేటీ. కాగితమైనా, బట్టైనా" అంది. ఆ రోజు కరెంటు పోయింది. పంకా తిరగడం లేదు. మొదటిసారి ఆమె మాట మొత్తం నాకు వినిపించింది.

బట్టైనా. నా ముందున్న పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ అంచులో ఏం రాసి ఉందో అర్థం ఏనాడూ అడగలేదు. వేలితో గాలిలోనే ఒక్కో అక్షరం గీసి కూడబలుక్కున్నాను. పుస్తకంలో మొదటి పుటలో రోజూ చూసే పైవాడి పేరే అది. దాన్ని నేను జనం పాదాలు మోపే బట్ట చుట్టూ పేర్చాను, నాలుగు వైపులా, ఒక్క చోట కూడా వదలకుండా. జోల్వాలో ఆ పొద్దున్నే సాంచా ఎక్కింది అది. సేఠ్ నన్ను వెళ్ళగొడతాడన్న ఆలోచన కూడా ముందు రాలేదు. వేరే ఇంటి పిల్ల మా ఇంటికొచ్చి, మా చదువు నేర్చుకుని, మా దేవుడి పేరును కాళ్ళ కింద వేసింది అని ఈ గదిలో అందరూ అనుకుంటారు. కావాలని చేసిందనుకుంటే? ఆపా అలా అనుకుంటే? చెప్పకుండా పారిపోదామనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు. చెప్పులదాకా వెళ్ళాను కూడా.

చెప్పుల దగ్గర నిలబడే అరిచాను. "ఆపా! గలతీ హో గయీ!" తప్పు జరిగిపోయిందని. సాంచాల షెడ్డులో నలభై మగ్గాల మీదుగా వినిపించే గొంతు అది. పదిమంది పిల్లలూ చెవులు మూసుకున్నారు. పాఠం మధ్యలో లేచి వచ్చాను, అడ్డుపడి మాట్లాడాను, గొంతు ఎత్తాను. రెండు నెలల అదబ్ ఒక్క నిమిషంలో గంగలో కలిసింది. ఏడుస్తూ, హిందీ చాలక మధ్యమధ్య తెలుగు కలుపుతూ అంతా చెప్పాను. ఆపా ముఖం తెల్లబోయింది. "నేను ఆ రోజు చెప్పాను కదా, గోడ మీదిది సరే, కింద పరిచేదానికి వద్దు, అక్కడ ఉత్త తీగ పెట్టమని. నువ్వు సరే అన్నావు" అంది. "వినిపియ్యలే ఆపా" అన్నాను. "మరి తలెందుకు ఊపావు?" అని అడిగింది. ఆమె పిల్లల్ని ఇళ్ళకు పంపేసి, బురఖా వేసుకుని, తాళం చేతిలోకి తీసుకుంది. "పద" అంది. చెప్పులేసుకుని వెనకే నడిచాను.

షెడ్డుకు ఫోన్ చేసినా ఆ హోరులో ఎవరికీ వినిపించదు. ఉన్ నుంచి సచిన్ అనే ఊరిదాకా ఒక ఆటో, అక్కడి నుంచి జోల్వాకు ఇంకొకటి. దారి పొడుగునా ఆపా జపమాలలాంటి తస్బీహ్ పూసలు తిప్పుతూ కూర్చుంది. ఒక్కో పూస జరిగినప్పుడల్లా అక్కడ ఒక్కో వరస నేస్తున్నట్టు అనిపించేది నాకు. అమ్మ గుర్తొచ్చింది, కండెల మిషన్ గుర్తొచ్చింది, అన్నిటికంటే ఆపా చూపు ఎక్కువ భయపెట్టింది. ఆ చూపు నా మీద లేదు, రోడ్డు మీద ఉంది.

షెడ్డు తలుపు తెరవగానే ఆపా రెండు చేతులతో చెవులు మూసుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ చప్పుడు ఆమె జన్మలో విన్నది కాదు. నేను లోపలికి ఉరికాను. ఆ సాంచా నడిపేది మా మేనమామే. నేను ఏమీ చెప్పకుండా హ్యాండిల్ లాగి ఆపేశాను. మామ నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "ఏందే, నా సాంచా ఎందుకాపినవ్? దారం తెగలే, ఏం తెగలే!" "నా తల తెగింది మామా!" అన్నాను. అప్పటికి తొమ్మిది జానమాజ్‌లు దిగాయి. ఒకదాని మీద ఒకటి మడిచి నేల మీదే పెట్టి ఉన్నాయి. నేను వాటిని ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను. మామ నాకు దయ్యం పట్టిందనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

వాటితో పెరట్లోకి వచ్చేసరికి, మగ్గం ఆగిందని కబురందినట్టుంది, ఆ పూట షెడ్డు దగ్గరే ఉన్న చష్మా సేఠ్ ఎదురొచ్చాడు. కళ్ళజోడు ముక్కు చివర ఉంది. నెత్తిన తొమ్మిది బట్టలతో నేను, పక్కన బురఖాలో ఆపా. చెప్పేశాను. ఆయన నోరు తెరవబోతుంటే ఆపా తన దూది గొంతుతోనే అంది: "సేఠ్‌జీ, తప్పు ఈమె ఒక్కతెదే కాదు. అర్థమైందా అని అడిగాను, ఏం అర్థమైంది అని అడగలేదు. నాకూ చదువు చెప్పే అదబ్ ఒకటి ఉంది, అది నేను తప్పాను. అయినా బట్ట బయటికి పోకముందే పరుగెత్తుకొచ్చింది కదా." సేఠ్ ఆ జానమాజ్‌ను ఒకసారి చూశాడు, బయ్యర్‌ను ఒకసారి తలుచుకున్నట్టున్నాడు, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. "కాట్ దో" అన్నాడు. అంచులు కత్తిరించి గోడబట్టలకు కుట్టించమన్నాడు. ఇక ముందు అక్షరం ఉన్న ఏ డిజైనైనా ఆపా సంతకం లేకుండా సాంచా ఎక్కకూడదన్నాడు. నా ఉద్యోగం ఉందో ఊడిందో మాత్రం చెప్పలేదు. అడగలేక ఆ నెలంతా రోజూ ఆఫీసుకు వెళ్ళి చూసుకునేదాన్ని, నా కుర్చీ ఉందా లేదా అని. ఉండేది.

ఆ సాయంత్రం ఆపా, నేను షెడ్డు మూల బల్ల మీద బట్టలు పరిచి కత్తెరలతో కూర్చున్నాం. తీసిన అంచులను ఆపా ఒక్కొక్కటీ మడిచి పై అరలో పెడుతోంది. మామ సాంచా మళ్ళీ మొదలైంది, ఈసారి ఉత్త తీగతో. ఆ హోరులో ఆపా నా వైపు తిరిగి ఏదో అంది. నేను తలూపాను. ఆమె కత్తెర పక్కన పెట్టి నా గడ్డం పట్టుకుంది. పెదవులు కదిలాయి. ఏమన్నాను చెప్పు, అని. "తెల్వదు ఆపా! వినపడలే!" అని అరిచాను. అంత పెద్దగా నేను ఎప్పుడూ ఏదీ ఒప్పుకోలేదు. ఆపా నవ్వింది. అప్పుడు చూశాను, ఆమెకు ముందరి పన్ను ఒకటి లేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి, జీవితంలో మొదటిసారి కాబోలు, గొంతు చించుకుని అరిచింది: "ఇక్కడ చాయ్ దొరుకుతుందా అని అడిగాను!"

చాయ్ తాగుతూ పెరట్లో చెప్పింది: "నువ్వు నా ముందు నోరు మూసుకుని కూర్చుంటే అదబ్ అనుకున్నాను. నువ్వూ అదే అనుకున్నావు. అది భయం బేటీ. భయపడేవాళ్ళు నా దగ్గర కూర్చుంటారు కాని నేర్చుకోరు. అడిగి విసిగించు, నేను విసుక్కుంటే ఆ పాపం నాది." మర్నాటి నుంచి నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ప్రతి మాటకూ "ఏమన్నాను?" అని అడిగేది. ఆ చదువు రెండు నెలలు కాదు, రెండేళ్ళు నడిచింది.

మొన్న మా అమ్మాయి బడిలో తల్లిదండ్రుల్ని పిలిచారు. టీచరమ్మ గుజరాతీలో చకచకా ఏదో చెప్పింది. నేను తలూపుకుంటూ బయటికొచ్చాను. "ఏమందమ్మా మిస్?" అని అడిగింది మా పిల్ల. ఏమో. ఇన్నేళ్ళొచ్చినా ఈ తల నా మాట వినదు. మళ్ళీ లోపలికి వెళ్ళాను. అక్కడ కూర్చున్న ఇరవై మంది తల్లుల ముందు నిలబడి, "మేడమ్, నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అన్నాను. మా అమ్మాయి సిగ్గుతో తలుపు వెనక దాక్కుంది. టీచరమ్మ మళ్ళీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా. వెనక వరసలోంచి ఇంకో తల్లి లేచి, నాకూ అర్థం కాలేదండీ, అంది.